గట్టు లేని చెరువు

పోయిన నెల పామర్రు నుంచి గుడివాడ మీదుగా నందివాడ వెళ్తూ, దారిలో ఒక చేపల చెరువు దగ్గర కారాపించి దిగాను. నీళ్ళ మధ్యలో నాలుగు చక్రాలు గిర్రున తిరుగుతూ నీళ్ళని పైకి చిమ్ముతున్నాయి. గట్టు మీద కాపలా మనిషి మంచం వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. నీళ్ళలో గాలి తగ్గితే ఆ ఫోనే మోగుతుందట, చక్రాలు వాటంతటవే తిరుగుతాయట. "అయితే తెల్లవారుజామున లేవక్కర్లేదన్నమాట" అన్నాను. "ఎందుకండీ లేవడం? హాయిగా పడుకోవడమే" అన్నాడు. నవ్వొచ్చింది. కారెక్కాక మాత్రం కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. మా నాన్న చెరువుతో వేగిన అన్నేళ్ళలో తెల్లవారుజామున గట్టు మీద లేనిది ఒకే ఒక్క రోజు. ఆ ఒక్క రోజు మా ఇంట్లో ఏడాది పాటు కూర్చుంది. అది లేచి వెళ్ళిపోయింది మాత్రం మా ఊరికి ఎంతో దూరాన, హిమాలయాల్లో, ఒక కొండమీద.

నాన్న వరి మానేసి చెరువు తవ్వించేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. చుట్టూ అందరూ తవ్విస్తున్నారు, మధ్యలో మన చేనొక్కటే మిగిలితే ఊటకి కుళ్ళిపోతుందని ఆయన వాదన. అన్నం పెట్టే నేలని గొయ్యి చేస్తారా అని అమ్మ వాదన. ఆ వాదన తెగలేదు గానీ చెరువు మాత్రం నిండింది. అప్పటినుంచీ మా ఇంటి గడియారం చేపల చేతికి వెళ్ళిపోయింది. నాన్న నాలుగింటికే లేచి, మోపెడ్ మీద వెళ్ళి, తూర్పు తెల్లబడేలోగా చెరువు చుట్టూ తిరిగొచ్చేవాడు. చేపకి ఊపిరాడని వేళ అదే. వరసగా మబ్బు పట్టిన రోజుల్లో మరీను. అలాంటప్పుడు చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. వెంటనే ఇంజను వేసి నీళ్ళు చిమ్మించాలి. చూసేవాడు లేకపోతే పొద్దెక్కేసరికి చెరువంతా తెల్లగా తేలిపోతుంది. చెయ్యి మోచేతిదాకా ముంచి అరచెయ్యి కనిపిస్తోందో లేదో చూసుకునేవాడు. బాగా కనిపిస్తే నీళ్ళు మరీ పలచన, ముంచగానే మాయమైతే మరీ చిక్కన. ఇంటికొచ్చేసరికి ఒంటినిండా తవుడు, వేరుశనగ చెక్క వాసన. "మీ పక్కన కూర్చుంటే దాణా కొట్లో కూర్చున్నట్టుందండీ" అని అమ్మ ఆయన చొక్కాలు విడిగా నానబెట్టేది. నాకా వాసన చాలా ఇష్టం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, అమ్మ కోప్పడుతుందని.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా పామర్రులో అమ్మ తరఫు బంధువుల పెళ్ళి వచ్చింది. తెల్లవారుజామున ముహూర్తం. వారం రోజులుగా ముసురు. భోజనం చేసి వెళ్ళిపోతానని నాన్న లేస్తే, "తలంబ్రాలు పడేదాకా ఆగలేరా? ఒక్కపూటకి కొంపలేం మునిగిపోవు" అంది అమ్మ. పదిమందిలో భార్య మాట తీసెయ్యలేక ఆగాడు. చెరువు దగ్గరుండే మనిషికి చెప్పే వచ్చాడు గానీ, పాపం అతను ఆ పూటే జ్వరం తగిలి పడుకున్నాడు. మేం తిరిగొచ్చేసరికి పొద్దెక్కింది. చెరువు మీద కొంగలు, కాకులు. నాన్న గట్టు మీద చెప్పులు విడిచి అలాగే నిలబడిపోయాడు. చెప్పులు ఎందుకు విడిచాడో నాకిప్పటికీ తెలియదు.

ఆ తరవాత అమ్మ ఒక మాట పట్టుకుంది. "చేపల ఉసురు తగిలింది." తను చేప తినడం మానేసింది. పూజ దగ్గర, వంట దగ్గర, అన్నం వడ్డిస్తూ ఎక్కడైనా అదే మాట. ముహూర్తం దాకా ఆగమన్న సంగతి తను ఎత్తలేదు. నాన్న కూడా ఎత్తలేదు. నాన్న నోట్లో నాలుక లేని మనిషేం కాదు, పంచాయితీలో పదిమందికి సమాధానం చెప్పగలవాడు. ఆ ఒక్క మాటకి మాత్రం తలొంచుకుని అన్నం కలుపుకునేవాడు. నాకు ఇద్దరి మీదా కోపంగా ఉండేది. ఎవరో ఒకరు అరిచేస్తే బాగుండుననిపించేది.

గుడివాడలో ఒక రిటైర్డు మాస్టారు ఏటా వేసవి సెలవుల్లో ఒక బృందాన్ని ఉత్తరాది యాత్రకి తీసుకెళ్ళేవారు. రైల్లో కొంత, బస్సులో కొంత, వంటవాడు కూడా వెంటే. పుణ్యతీర్థానికి వెళ్తే ఏదైనా ఒకటి వదిలి రావడం మావైపు ఆచారం. కాశీకి వెళ్ళి పండొకటి, కూరొకటి వదలని వాళ్ళు మా ఊళ్ళో లేరు. నీళ్ళు దోసిట్లో పట్టి, సంకల్పం చెప్పుకుని, ఆ పేరు అని నీళ్ళు వదిలేస్తే ఇంక బతికినన్నాళ్ళూ దాని జోలికి పోకూడదు. అమ్మ ఆ యాత్రకి మా ముగ్గురి పేర్లూ ఇచ్చి వచ్చి, నాన్నతో అంది: "అక్కడ కొండమీద పెద్ద తీర్థం ఉందట. అందులో మీరు ఈ చేపల చెరువు వదిలెయ్యండి. పూడ్పించి మళ్ళీ వరి వేసుకుందాం." నాన్న "సరే" అన్నాడు. ఆ సరే నాకు నచ్చలేదు. ఆయన నీళ్ళు వదిలాడంటే వదిలినట్టే, మళ్ళీ వెనక్కి చూసే మనిషి కాదు. చేపల్ని చంపుకున్నవాడినని ఒప్పుకుని ఆ పని నుంచి లేచిపోవడమే కదా అది. మిగిలిన బతుకంతా ఆయన ఆ మాట మొయ్యాలి.

మాకు ఎత్తంటే ఏటిగట్టు. బెజవాడ కొండలు బస్సు కిటికీలోంచి చూసినవే. మా నేలలో తవ్వితే గులకరాయి కూడా దొరకదు, రాయి కావాలంటే లారీలో రావలసిందే. అలాంటి వాళ్ళం నలభైమందిమి ఆ కొండల్లోకి వెళ్ళాం. మొదటి మలుపు తిరగ్గానే బస్సులో కబుర్లు ఆగిపోయాయి. అవనిగడ్డ నుంచి వచ్చిన ఒకాయన, మేమంతా మావయ్యా అని పిలిచేవాళ్ళం, దారి పొడుగునా నోరు మూయని మనిషి, కిటికీలోంచి మెడ పైకెత్తి చూసి, "ఇంత రాయి ఎక్కణ్ణించి తెచ్చారబ్బా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మా అందరికీ అదే అనిపించింది. నాకు భయం వేసింది, ఏడుపు కూడా వచ్చింది. ఇంత పెద్దది ఇన్నాళ్ళూ ఇక్కడుంటే నేను ఇంటర్ పుస్తకాలు బట్టీ పడుతూ కూర్చున్నానా అనిపించింది.

మూడో రోజున కొండ కింద పట్నంలో దిగాం. మర్నాడు ఒక్కరోజులో పైనున్న సరస్సులు, ఆలయం, మఠం, పాత గుహలు చూపిస్తానని హరీష్ అనే గైడు వచ్చాడు. ఆ సరస్సు పేరు రాయను. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు ఊరి పేరు పెట్టి చెప్పడం మర్యాద కాదు. నాలుగు రోజులుగా అక్కడ కూడా ముసురేనట. చీకటితో బయల్దేరి, వెలుతురు వస్తుండగా బస్సు ఆఖరి మలుపు తిరిగింది. కొండల నడుమ దోసిట్లో పట్టినట్టు నీళ్ళు. ఒక ఒడ్డున శివాలయం, రెండో ఒడ్డున బౌద్ధ మఠం, వాటి వెనక దేవదారు చెట్లు, ఆ పైన మబ్బు. మా వాళ్ళందరూ చేతులు జోడించారు. నాన్న మాత్రం చుట్టూ చూసి నెమ్మదిగా నాతో, "దీనికి గట్టేదమ్మలూ?" అన్నాడు. మా ప్రాంతంలో నీళ్ళు నిలిచాయంటే ఎవరో ఒకరు తట్ట మోసి గట్టు వేసినట్టే. మనిషి చెయ్యి పడకుండా నిలబడిన నీళ్ళు ఆయన అంతవరకూ చూడలేదు. చాలాసేపు కళ్ళార్పకుండా చూశాడు. తరవాత చెప్పులు విడిచాడు.

మెట్ల దగ్గర పెద్ద పెద్ద చేపలు, మన చెరువుల్లో పెంచే బంగారుతీగల్లాంటివి, వందలకొద్దీ నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి ఉన్నాయి. హరీష్ సంబరపడిపోయాడు. "మీరు అదృష్టవంతులు. ఇవి దేవుడి చేపలు. ఇంతమందికి ఒకేసారి దర్శనం ఇవ్వడం అరుదు. మరమరాలు వెయ్యండి, పుణ్యం" అన్నాడు హిందీలో. హిందీ పరీక్షలు వరసగా కట్టి ప్యాసైన దాన్ని కాబట్టి బస్సుకంతటికీ నేనే దుబాసీని. ఆ మాట తెలుగులో చెప్పేసరికి అందరూ మరమరాలు, పిండి ఉండలు కొనేసి వెయ్యడం మొదలుపెట్టారు. అమ్మ కూడా ఒక పొట్లం కొని, దణ్ణం పెట్టి, గుప్పెడు వేసింది.

నాన్న వెయ్యలేదు. కింది మెట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. చెయ్యి మోచేతిదాకా ముంచాడు. అరచెయ్యి కనిపించలేదు. ఆయన మొహం చూశాను. ఏడాది కిందట గట్టు మీద చూసిన మొహం అది.

"అమ్మలూ, వెయ్యొద్దని చెప్పు అందరికీ."

"ఏమైంది నాన్నా?"

"ఆకలేసిన చేప గింజ పడగానే లాక్కుని తిరిగిపోద్ది. చూడు, మరమరం దాని నోటి ముందే తేలుతున్నా ముట్టుకోట్లేదు. చెయ్యి చాపితే పారిపోట్లేదు. ఇది దర్శనం కాదమ్మా. వాటికి ఊపిరాడట్లా."

చెబితే ఎవరు వింటారు? పొట్లాలు చేతుల్లో పట్టుకుని మా వాళ్ళు మొహాలు చూసుకున్నారు. హరీష్ కి కోపం వచ్చింది, ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను ఈ చేపల్ని అన్నాడు. మాస్టారు నచ్చజెప్పబోయారు. "రంగారావు గారూ, పరాయి చోటండీ. తీర్థంలో ఇలాంటి అశుభం మాటలు ఎందుకు?" నాన్న మాస్టారి వైపు చూడనైనా లేదు. అమ్మ వైపు చూశాడు. ఉసురు అన్న మాట అక్కడ కూడా వస్తుందేమోనని చూశాడని నాకనిపించింది. అమ్మ పొట్లం మడిచి చీర కొంగున కట్టేసింది.

అంతలో మఠంలోంచి ఒక ముసలి సన్యాసి మెట్లు దిగి వచ్చాడు. సరస్సు సంరక్షణ ఆయనదేనని హరీష్ చెప్పాడు. ఊపిరాడటం లేదనడానికి నాకు మామూలు హిందీ మాట తట్టలేదు. పరీక్షల హిందీలో, "మఛలియోంకో ప్రాణవాయు నహీ మిల్ రహీ హై" అన్నాను. చేపలకి ప్రాణవాయువు అందడం లేదని. హరీష్ నవ్వాడు. సన్యాసి నవ్వలేదు. ఆయన నాన్న చెయ్యి పట్టుకుని, "ఏం చెయ్యాలో మీ నాన్ననే అడుగు" అన్నాడు నాతో.

నాన్న అప్పటికే చుట్టూ వెతికేశాడు. ఒక మూల రాతి దోనె, దాని కింద గోడంతా పచ్చగా నాచు. నీళ్ళు మాత్రం లేవు. "ఇక్కడ నీళ్ళు పడేవి. ఎటు మళ్ళించారో కనుక్కో" అన్నాడు. కొండ మీంచి వచ్చే ఊటని స్నానాల తొట్టిలోకి తిప్పారట. సన్యాసి మారు మాట్లాడకుండా వెళ్ళి, తన చేతులతోనే అడ్డురాయి లాగేశాడు. దోనెలోంచి చల్లటి నీళ్ళు సరస్సులోకి ఎత్తునుంచి దూకాయి. కాసేపటికి ఆ మూలకి చేపలు ఒకటొకటిగా జరగడం మొదలైంది. అది చూశాక మా వాళ్ళకి నమ్మకం కుదిరింది. తరవాత ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది.

వంటవాడి దగ్గర ఖాళీ నూనె డబ్బాలు రెండున్నాయి. అవనిగడ్డ మావయ్య ఒకదానికి నాలుగు తాళ్ళు కట్టేశాడు. ఇంజన్లు రాకముందు మా చేలకి నీళ్ళు తోడింది అలాగే. గూడ అంటారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు తాళ్ళూ పట్టుకుని, వంగి ముంచి, లేచి విసరాలి. నాన్న, మావయ్య రెండు పక్కలా నిలబడి నీళ్ళు తోడి, సరస్సు మీదికే ఎత్తుగా విసిరారు. పదేళ్ళ పైన అయి ఉంటుంది వాళ్ళు గూడ పట్టి. అయినా రెండో విసురుకే చేతులు కలిసిపోయాయి. మిగిలినవాళ్ళు గంగాళాలు, చెంబులు, పళ్ళేలు ఏది దొరికితే అది తీసుకుని మెట్ల మీద వరసగా నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలు కూడా చెంబుతో ముంచి చెంబుతో పొయ్యడమే. శివాలయంలోంచి అర్చకులు, మఠంలోంచి పది పన్నెండుమంది సన్యాసులు వచ్చి చేరారు. చెప్పుకుంటే నవ్వుతారు, అంత పెద్ద సరస్సులోంచి నీళ్ళు తీసి మళ్ళీ ఆ సరస్సులోనే పోసుకుంటున్నాం. అంత పవిత్రమైన పని నేను మళ్ళీ చూడలేదు. ఒక్క మంత్రం లేదు. నీళ్ళ చప్పుడు, మనుషుల రొప్పు, అంతే.

రెండు గంటలు గడిచి ఉంటాయి. ఎనిమిది దాటాక మబ్బు విడి, కొండల మధ్య నుంచి ఎండ నీళ్ళ మీద పడింది. నాన్న గూడ ఆపి చూస్తున్నాడు. ముందు ఒక చేప, నల్లటి వీపుది, నోరు మూసి, తోక ఒక్కసారి ఆడించి కిందికి వెళ్ళిపోయింది. తరవాత నాలుగు. తరవాత గుంపులు గుంపులుగా. చూస్తుండగానే మెట్ల దగ్గర నీళ్ళు ఖాళీ అయ్యాయి. "దిగిందండీ చేప" అన్నాడు నాన్న. ఎవరితో అన్నాడో తెలియదు. సన్యాసి తన మెళ్ళో ఉన్న తెల్ల గుడ్డ తీసి నాన్న మెళ్ళో వేశాడు. నాన్నకి అది ఇష్టం లేకపోయింది. "మనం చేసింది ఈ మూల వరకేనని చెప్పమ్మలూ. మిగతాది ఎండ చేసింది" అన్నాడు. నేను చెప్పాను. సన్యాసి తలూపి, గుడ్డ సరిగ్గా సర్దాడు.

అక్కడి సంకల్పాలు ఆగిపోయాయి కాబట్టి, పైనున్న చిన్న సరస్సు దగ్గర చేయిద్దామన్నారు మాస్టారు. గంటసేపు నడక. పాతకాలం మునులు తపస్సు చేసుకున్న గుహ ఒకటి, దాని ముందు మన పంటబోదెలో పారే నీళ్ళకి అలవాటైన కళ్ళు నమ్మలేనంత తేటగా ఒక నీటిమడుగు. లోపలి రాళ్ళు లెక్కపెట్టవచ్చు. గుహ గోడలకి ఎన్ని తరాల దీపాల మసి పట్టిందో, చెయ్యి ఆనిస్తే నల్లగా అంటుకుంది. అందరూ గుసగుసలుగా మాట్లాడుకున్నారు. పొద్దున చేసిన పనికి చేతులింకా వణుకుతున్నాయి.

మాస్టారు ఒక్కొక్కరినీ పిలిచి చెప్పించారు. మావాళ్ళ తెలివితేటలు అక్కడ బయటపడ్డాయి. ఒకరు కాకరకాయ వదిలారు, ఒకరు వాక్కాయ. అవనిగడ్డ మావయ్య ఆపిల్ వదిలేశాడు. "డాక్టరు చెప్పినా తిననివి వదిలితే పుణ్యం ఎలా వస్తుందండీ" అని మాస్టారు విసుక్కున్నారు. తరవాత నాన్న వంతు. తెల్లగుడ్డ తీసి నా చేతికిచ్చి, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నిలబడ్డాడు. గోత్రం, పేరు అయ్యాయి. "ఏం వదులుతున్నారండీ?" అన్నారు మాస్టారు.

నాన్న నోరు తెరిచాడు. అమ్మ పక్కనుంచి వచ్చి ఆయన దోసిలి కింద తన చెయ్యి పెట్టింది. "ఆయన వదలడానికేం లేదండీ మాస్టారూ. నేను వదులుతాను."

"ఏమిటమ్మా?"

"మామిడిపండు."

ఆడవాళ్ళంతా ఒక్కసారి అమ్మ వైపు చూశారు. కృష్ణా జిల్లాలో పుట్టి, మామిడిపండు వదలడమేమిటి? "అంత కష్టమైంది ఎందుకు వదినా?" అంది ఎవరో. అమ్మ ఆ మాట పట్టించుకోకుండా నాన్న దోసిట్లోంచి నీళ్ళు తన చేతుల్లోకి తీసుకుని వదిలేసింది.

కిందికి దిగుతుంటే అమ్మ నాన్న పక్కన నడిచింది. నేను రెండడుగుల వెనక ఉన్నాను. "ఆ రోజు ముహూర్తం దాకా ఆగమంది నేనే కదండీ" అంది అమ్మ. నాన్న "ఎవరు ఆగమన్నారో చేపకేం తెలుసు. చూసుకుని అడుగెయ్, రాళ్ళు జారతాయి" అన్నాడు. ఉసురన్న మాట ఆ తరవాత మా ఇంట్లో నేను వినలేదు.

ఇప్పుడు ఆ కొండలకి వెళ్ళడం మా పిల్లలకి గుడివాడ వెళ్ళొచ్చినంత సులువు. ఫొటోలు పంపిస్తారు, అన్ని సరస్సులూ ఒకేలా నీలంగా ఉంటాయి. వాళ్ళని తప్పు పట్టను, చూడవలసినవి వాళ్ళకి ముందే తెలిసి ఉంటాయి, అంతే. మేం ఏమీ తెలియకుండా వెళ్ళాం. అందుకే అది మాకంత పెద్దగా కనిపించింది. అయినా ఆ రోజు నన్ను నిలువెల్లా వణికించింది కొండా, నీళ్ళూ మాత్రమేనా అని అడిగితే కాదనే చెబుతాను. నాలుగు ముక్కల మాట చెప్పడానికి మనిషికి ఏడాది పడుతుందని, చెప్పాక అంత తేలికవుతుందని అప్పటికి నాకు తెలియదు.

నాన్న చెరువు పూడ్పించలేదు. ఆ ఏడే మళ్ళీ పిల్ల వేశాడు. యాత్ర నుంచి వచ్చిన వారానికి నూజివీడు నుంచి చిన్నరసాల బుట్ట వచ్చింది. అమ్మ చేతుల నిండా రసం పిండి, మా కంచాల్లో పోసి, తను మజ్జిగన్నం కలుపుకుంది. నాన్న తన కంచం నా ముందుకి జరిపాడు. "పళ్ళు పులుస్తున్నాయమ్మలూ, నువ్వు తినెయ్" అన్నాడు. ఆ తరవాత అమ్మ బతికున్నన్ని వేసవులూ ఆయనకి పళ్ళు పులుస్తూనే ఉన్నాయి.